నేను చెప్పేసిన ముగింపు

కిందటి నెల ఒక సాయంత్రం మా అమ్మాయి ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. నేను కాలేజీ రోజుల్లో ఆడిన ఒక కంప్యూటర్ ఆటను, సాహసగాథల వరసలో వచ్చిన రెండో భాగాన్ని, ఎవరో మళ్ళీ కొత్త బొమ్మలతో, కొత్త సంగీతంతో తయారుచేసి విడుదల చేశారట. అందరూ మెచ్చుకుంటున్నారట. తరుగుతున్న బీరకాయ పక్కన పెట్టి, కళ్ళజోడు తగిలించుకుని చదివాను. వచ్చిన కాలంలో ఎవరికీ అర్థం కాని ఆట అని ఒకరు, మొదటి భాగం దీని ముందు పిల్లలాట అని ఇంకొకరు రాశారు. ప్రతి సమీక్షకూ పైన ఒక హెచ్చరిక ఉంది, ముగింపు చెప్పబోతున్నాం, ఆడనివాళ్ళు ఇక్కడితో ఆపండి అని. "ఆ రోజు నువ్వూ ఈ ఒక్క లైను పెట్టుంటే అంత గొడవ ఉండేది కాదు కదమ్మా" అని మా అమ్మాయి నవ్వింది. దానికి కథ సగమే తెలుసు. మిగతా సగం మా పెద్దత్తది. ఆమె ప్రభువు దగ్గరికి వెళ్ళి చాలా ఏళ్ళయింది కాబట్టి ఆ సగం నేనే రాయాలి.

పెద్దత్త మా నాన్నగారి అక్క. పేరు సువార్తమ్మ. పెళ్ళయిన కొద్ది ఏళ్ళకే భర్త పోతే తమ్ముడి దగ్గరికి వచ్చేసింది. మా తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే వర్క్‌షాపులో కలాసీగా రాయపూర్ వచ్చారు. నాన్నగారు అక్కడే ఫిట్టరయ్యారు. మాది రెండు గదుల క్వార్టరు. గాలి ఒక వైపు నుంచి వీస్తే రైసు మిల్లుల్లో ఉడికే వడ్ల వాసన వచ్చేది. ఇంకో వైపు నుంచి వీస్తే తీగ మీద ఆరేసిన బట్టల మీద ఉర్లా ఫ్యాక్టరీల నల్లటి పొడి పడేది. ఆదివారం వాసన మాత్రం వేరు. గంజి పెట్టి ఆరబెట్టిన పెద్దత్త తెల్లచీర, తలకు రాసుకున్న కొబ్బరినూనె, చింతపండు పులుసులో ఉడుకుతున్న ఎండుచేప, ఇవన్నీ కలిసి ఇంట్లో ఒక పండగలాంటిది తయారయ్యేది. హిందీవాళ్ళ ఆరాధన అయ్యాక గానీ మా తెలుగు సంఘానికి చర్చి హాలు దొరికేది కాదు. మేం ముందే వెళ్ళి, బయట చెప్పుల వరస పక్కన నిలబడి వాళ్ళ ఆఖరి పాట వినేవాళ్ళం. అందుకే మా పిల్లలందరికీ పాటలు రెండు భాషల్లో వచ్చు.

పెద్దత్తకు చదువు పెద్దగా లేదు. తెలుగు అక్షరాల కింద వేలు పెట్టి, కూడబలుక్కుని రోజూ బైబిలు వాక్యం చదివేది. కంట్లో శుక్లాలు ముదిరాక అదీ లేదు, నేను చదివితే వినేది. కానీ ఆమె జ్ఞాపకశక్తి వేరే రకం. పాస్టరుగారు ప్రసంగిస్తుంటే ఒక్కో ముఖ్యమైన మాటకి కొంగున ఒక్కో ముడి వేసేది. భోజనాలయ్యాక ఆ ముళ్ళతో బయల్దేరేది. ఆదివారం కూడా డ్యూటీ పడే ఫ్యాక్టరీ మనుషులూ, మంచం పట్టినవాళ్ళూ మా సంఘంలో కొందరుండేవారు. వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, ఆ రోజు ప్రసంగం మొదలు నుంచి చివరి దాకా ఒప్పజెప్పేది. ఒక్కో మాట అయిపోగానే ఒక్కో ముడి విప్పేది. ఎవరూ ఆమెను నియమించలేదు. ఆ పనికి మా సంఘంలో ఒక పేరు కూడా లేదు. "సువార్తమ్మ మోసుకెళ్తుందిలే" అనేవారు, అంతే.

నాకు పదేళ్ళప్పటి నుంచి ఆమె చెయ్యి పట్టుకుని వెళ్ళేదాన్ని. మొదట మంచం మీదున్న ఒక మామ్మగారి ఇల్లు, తర్వాత టెంపో ఎక్కి ఉర్లాలో ప్రకాశరావు బాబాయి గది. ఆయన కొలిమి దగ్గర పని చేసేవాడు. డ్యూటీ దిగి, స్నానం చేసి, ఎర్రబడ్డ కళ్ళతో మా కోసం గుమ్మంలో కూర్చునేవాడు. "మీ అత్త పాస్టరుగారి దగ్గు కూడా వదలదే, అమ్మీ. ఎక్కడ దగ్గినారో అక్కడ దగ్గుతాది" అనేవాడు నాతో. నాకు పదిహేనేళ్ళు వచ్చాక పెద్దత్త నాచేత చెప్పించడం మొదలుపెట్టింది. తను పక్కన కూర్చుని కళ్ళు మూసుకుని వినేది. నేను మధ్యలో సొంత మాట కలిపితే మోకాలి మీద తట్టేది. "కరుణమ్మా, పాస్టరుగారు ఏటన్నారో సెప్పు. నీకేటనిపించిందో మీ బాబాయికెందుకే?" ఏదీ వదలకూడదు, ఏదీ కలపకూడదు. నా చదువంతా అదే. కాలేజీలో నేర్చుకున్నది దాని మీద పూసిన పూత మాత్రమే.

రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులవి. రాయపూర్ రాజధాని అయింది, ఆఫీసులు వచ్చాయి, ఇంటర్నెట్ సెంటర్లు వీధి వీధికీ వెలిశాయి. ఊళ్ళోని ఒక హిందీ దినపత్రిక వారానికోసారి కంప్యూటర్ పేజీ వేయడం మొదలుపెట్టి, కాలేజీ పిల్లల్ని రాయమని అడిగింది. మా కాలనీ చివర సాహూజీ సెంటర్‌లో అందరూ ఆడుతున్న ఒక ఆట గురించి నేను నాలుగు పేజీలు రాసి పంపాను. ఆ పేజీ చూసే మిశ్రాజీ, యాభై దాటిన మనిషి, పిలిపించి అన్నారు, "అందరూ తమ గురించి రాసుకున్నారు బేటా, నువ్వు ఒక్కదానివే ఆట గురించి రాశావు." అలా ఆ పేజీలో ఒక మూల నాకు దక్కింది. ఇంట్లో మాత్రం తేలిగ్గా ఒప్పుకోలేదు. ఆడపిల్ల సెంటర్లో కూర్చుని ఆటలాడడమేంటని నాన్నగారు రెండు రోజులు మాట్లాడలేదు. చివరికి, పత్రికవాళ్ళు పని చెప్పినన్నాళ్ళే వెళ్ళాలి, వాళ్ళు వద్దన్న రోజు నుంచి ఇల్లూ కాలేజీ తప్ప ఇంకేమీ ఉండకూడదు అన్నారు. నాకు అప్పటికే తెలిసిపోయింది, రాయడం తప్ప నాకు ఇంకో పని పట్టదని. ఆ మూల పోతే అన్నీ పోయినట్టే.

నేను మొదట రాసింది ఆ ఆట మొదటి భాగం గురించే. అందులో ఒక వీరుడు, కొండల్లో నదికి అడ్డంగా చుట్టుకుని పడుకున్న మహాసర్పాన్ని చంపి, ఎండిపోయిన ఊళ్ళకు నీళ్ళు వదులుతాడు. కత్తి దూయడమే గానీ దించడం ఉండదు. కుర్రాళ్ళకు తెగ నచ్చింది. రెండేళ్ళకు రెండో భాగం వచ్చింది. అదే వీరుడు ముసలివాడయ్యాడు. నదికి ఇప్పుడు అడ్డులేదు, ఊళ్ళన్నీ మునిగిపోయాయి. అతను పడవ వేసుకుని, మిద్దెల మీద చిక్కుకున్న మనుషుల్ని ఒక్కొక్కరినే మెరకకు చేరుస్తుంటాడు. పడవ ముందు కూర్చుని ఒక చిన్నపిల్ల దారి చూపిస్తుంది. మిశ్రాజీ విదేశీ పత్రికల సమీక్షలు ప్రింటు తీయించి ఇచ్చారు. అన్నీ తిట్లే. పడవ తొయ్యడం కూడా ఒక ఆటేనా అన్నారు. మొదటి భాగంలో ఉన్న వేగం లేదన్నారు. ఆఖరి పోరాటం గెలవడం ఎవరి వల్లా కాదు, ప్రోగ్రాములో ఏదో లోపం ఉండిపోయింది, తొందరపడి అమ్మేశారు అన్నారు. పదికి నాలుగు, ఐదు, అంతకు మించి ఎవరూ ఇవ్వలేదు.

నేనూ ఆ ఆఖరి పోరాటం దగ్గరే ఇరుక్కున్నాను. పడవ పాము చచ్చిన చోటికి చేరుతుంది. చిన్నపిల్ల వెనక్కి తిరుగుతుంది. ఆమె ఆ పాము కూతురు. అక్కడికక్కడే కొండంత అలై లేస్తుంది. ఇక ఎంత కొట్టినా చావు మనదే, మళ్ళీ మొదటికి. నాలుగు రోజులు అలాగే ఓడాను. అయిదో రోజు సాయంత్రం ఆ చోటికి చేరేసరికి వర్క్‌షాపు సైరన్ మోగింది. ఆ సైరన్ వినబడితే ఏ పనిలో ఉన్నా చేతులు వదిలేసి, కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకోవడం మా ఇంటి అలవాటు. పొయ్యి మీద పాలున్నా సరే. నేను కీబోర్డు వదిలి కళ్ళు మూసుకున్నాను. సాహూజీ వచ్చి, "హ్యాంగ్ అయిపోయిందా దీదీ, రీస్టార్ట్ చెయ్యనా?" అన్నారు. చెయ్యి ఎత్తి ఆగమన్నాను. ప్రార్థన ముగించి కళ్ళు తెరిస్తే వీరుడి కత్తి కిందికి దిగి ఉంది. పాము కూతురు మళ్ళీ చిన్నపిల్ల అయి, ఆ కత్తి అందుకుని నీళ్ళలో పడేస్తోంది. నీళ్ళు తగ్గుతున్నాయి. లోపం ఆటలో లేదు. ఒక్క నిమిషం కొట్టకుండా ఉండడం ఎవరికీ తట్టలేదు, అంతే. నాకైనా తట్టలేదు. పెద్దత్త పెంపకం నా చేతులు ఆపింది.

ఆ సంతోషంలో నాకు తెలిసిన పద్ధతిలో నేను సమీక్ష రాశాను. మొదటి మిద్దె నుంచి ఆఖరి అల దాకా, పిల్ల ఎవరో, కత్తి ఎలా దిగిందో, ఏదీ వదలకుండా. విదేశాల్లో తిట్టారు గానీ ఇది చాలా మంచి ఆట అని చివర ఒక్క వాక్యం మాత్రం సొంతంగా కలిపాను. మిశ్రాజీ ఊళ్ళో లేరు, వచ్చింది వచ్చినట్టే అచ్చయింది. మూడు రోజుల్లో ఉత్తరాలు కుప్పపడ్డాయి. ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు నలుగురు ఏకంగా ఆఫీసుకే వచ్చారు. ఒకతను రాశాడు, మూడు వారాలుగా కష్టపడి ఆడుతున్నాను, పొద్దున్నే టీ తాగుతూ మా నాన్న మీ పేపరు పైకి చదివి మొత్తం వినిపించేశాడు, ఇప్పుడు నేనేం చెయ్యాలి అని. ప్రపంచమంతా చెత్త అన్నదాన్ని మంచిదనడానికి ఈ అమ్మాయి ఎవరు అని ఇంకొందరు. మిశ్రాజీ ఆ కట్ట నా ముందు పెట్టారు. కోప్పడలేదు, అందుకే నాకు ఎక్కువ భయమేసింది. "సినిమా హాలు గేటు దగ్గర నిలబడి, లోపలికెళ్ళే వాళ్ళందరికీ హంతకుడి పేరు చెప్పావు బేటా. పైన వాళ్ళు నిన్ను మార్చేయమంటున్నారు. ఒక్క అవకాశం అడిగి తెచ్చాను. ఇదే ఆట మీద మళ్ళీ రాయి. పాఠకులకు క్షమాపణ చెప్పు. ముగింపు రాకూడదు, కానీ చదివినవాడికి ఆడాలనిపించాలి. సోమవారం ఉదయానికల్లా కావాలి."

దీనికి తోడు సంఘంలో ఇంకో చిక్కు వచ్చింది. మా సంఘ కార్యదర్శిగారు హిందీ పేపరు అక్షరం వదలకుండా చదివే మనిషి. పాము ముందు కత్తి దించడం మంచిదని మన విశ్వాసి పిల్ల ఎలా రాసింది అని పెద్దల కమిటీలో అడిగారు. బైబిల్లో పాము అంటే సాతానే, లేఖనాలు తెలిసినవాళ్ళకు అది చిన్న ప్రశ్న కాదు. నాన్నగారు తల దించుకున్నారట. స్త్రీల వైపు నుంచి పెద్దత్త కూడా ఆ కమిటీలో ఉంది. "ఆ ఆటేటో నాకు తెల్దు బాబూ. పిల్ల మాత్రం సూసింది సూసినట్టు సెప్తాది" అందట. అయితే మీరు పూర్తిగా విని, వచ్చే ఆదివారం మాకు చెప్పండి, అప్పుడే తేలుద్దాం అన్నారు వాళ్ళు. ఇంటికొచ్చి నాన్నగారు, "పత్రికవాళ్ళు ఉంచినా, సంఘం వద్దంటే మానేస్తావు" అన్నారు. నేను సరే అన్నాను. మనసులో మాత్రం సరే అనుకోలేదు.

ఆ వారమంతా రాయడానికి కూర్చుని లేచాను. చెప్పకుండా చెప్పడం నాకు చేతనైన పని కాదు. ఏ వాక్యం మొదలుపెట్టినా అది తనంతట తనే చివరికి పోయేది. క్షమాపణ రాయడానికి రెండు నిమిషాలే పట్టింది, తర్వాత ఏం రాయాలో తెలియలేదు. అలాగే ఆదివారం వచ్చింది. ఆరాధన అయ్యాక కమిటీ సాయంత్రం కూర్చుంటుందన్నారు. ఆలోగా పెద్దత్తతో కలిసి మామూలుగానే ఉర్లా వెళ్ళాను. ప్రకాశరావు బాబాయి గుమ్మంలో లేడు. లోపల మంచం మీద నుంచి లేచి, ముఖం తుడుచుకుంటూ వచ్చాడు. కళ్ళలో కొలిమి ఎరుపు లేదు.

"ఈయాల డ్యూటీ నేదేటి?" అంది పెద్దత్త.

"నేదక్కా. ఛుట్టీ మారింది, ఇకనించి ఆదివారమే. నిద్దర పట్టీసింది. సెప్పు, ఇంటాను."

పెద్దత్త కూర్చోలేదు. "ఇన్నాళ్ళూ నువ్వు రానేక నేను మోసుకొచ్చినాను. ఇప్పుడు రాగలవు. రాగలిగినోడికి నేనెందుకు మొయ్యాల?"

"ఈ ఒక్కపాలికి సెప్పక్కా."

ఆమె కొంగున ఒక్క ముడి విప్పింది. "ఈయాల పాస్టరుగారు సెప్తా సెప్తా మజ్జిలో ఆగిపోనారు. కళ్ళజోడు తీసి తుడుసుకున్నారు. మళ్ళీ పెట్టుకోడానికి సానాసేపు పట్టింది. ఎందుకో ఒచ్చే ఆదివారం ఒచ్చి ఆయన్నే అడుగు." అంతే చెప్పి నా చెయ్యి పట్టుకుంది.

"ఇదేటక్కా, ఇస్తరేసి లాగీసినట్టు" అని వెనకనుంచి బాబాయి అంటూనే ఉన్నాడు. తిరుగు టెంపోలో, ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చుని, నేను పుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టాను. ఉర్లా దాటేలోగా సమీక్ష అయిపోయింది. పడవ గురించి రాశాను, మిద్దెల మీద మనుషుల గురించి రాశాను. ఒక చోట అందరూ ఓడిపోతున్నారు, అది లోపమని పెద్ద పెద్ద పత్రికలు అంటున్నాయి, అక్కడికి చేరినప్పుడు మీ చేతులు ఏం చేస్తున్నాయో ఒకసారి చూసుకోండి అని ఆపేశాను. సోమవారం మిశ్రాజీ అది నిలబడే చదివారు. ముగింపు ఆయనకు తెలిసిపోయింది కదా, అయినా, "ఇది మా ఇంట్లో కంప్యూటర్‌లో ఎక్కుతుందా బేటా?" అని అడిగారు. ఆ మూల నాదిగానే ఉండిపోయింది. చాలా ఏళ్ళు ఉంది.

ఇప్పుడు సమీక్షలు చదువుతుంటే అప్పటికీ ఇప్పటికీ తేడా తెలుస్తుంది. ఇవాళ ఆట విడుదలైన గంటకే దాని చివరిదాకా ఎవరో ఆడి చూపించేస్తారు, హెచ్చరిక పెట్టి మరీ. ఉర్లా నుంచి ధర్సీవా దాకా ఫ్యాక్టరీల్లో ఎవరి డ్యూటీ వాళ్ళు చేసుకుంటూనే ప్రసంగం ఫోనులో వినేస్తారు. రానివాడెవడో, రాలేనివాడెవడో తెలుసుకోవాల్సిన అవసరం ఎవరికీ లేదు. ఇది తప్పు అనను. ప్రభువు ప్రతి కాలానికీ దాని సాధనాలు ఇస్తాడు. కానీ ఎవరి ఇంటికి ఎంత మోసుకెళ్ళాలో తెలిసిన ఒక మనిషి చెయ్యి పట్టుకుని పెరగడం నాకు దొరికిన కృప. నేను రాసిన ప్రతి సమీక్షకూ ముందు నన్ను నేను ఒకటే ప్రశ్న వేసుకుంటాను. ఇది చదివేవాడు రాగలడా, రాలేడా?

పెద్దత్త రాలేని మనిషి. ఆమె కళ్ళకు తెర మీది బొమ్మలు కనబడవు, హిందీ అక్షరాలు రావు. అందుకే ఆ ఆదివారం ఉర్లా నుంచి రాగానే, కమిటీకి ఇంకా గంటకు పైగా టైముండగా, వరండాలో ఆమెను కూర్చోబెట్టి రెండు భాగాలూ పూర్తిగా చెప్పాను. ఏదీ వదల్లేదు, ఏదీ కలపలేదు. ఆమె ముళ్ళు వేసుకుంటూ విన్నది. సైరన్ మోగిన చోటికి వచ్చేసరికి వేళ్ళు ఆగిపోయాయి. అంతా అయ్యాక ఒకే మాట అడిగింది, "సచ్చిపోయిన ఆ పాముకి పేరేటి?" నేను ఆలోచించాను. రెండు భాగాల్లోనూ ఎక్కడా పేరు లేదు. అదే చెప్పాను.

సాయంత్రం హాల్లో పెద్దలు ఆరుగురు వరసగా కూర్చున్నారు. నేనూ నాన్నగారూ వెనక బల్ల మీద. పెద్దత్త లేచి నిలబడి, ఆ ఆట మంచిదనీ అనలేదు, చెడ్డదనీ అనలేదు. నన్ను వెనకేసుకు రాలేదు. ప్రసంగం ఒప్పజెప్పినట్టు, కొండల్లో పాము దగ్గర మొదలుపెట్టి, మునిగిన ఊళ్ళు, మిద్దెలు, పడవ, పిల్ల, అల, కత్తి, ఒక్కొక్క ముడే విప్పుకుంటూ చెప్పింది. ముప్పావు గంట ఎవరూ కదల్లేదు. కార్యదర్శిగారు రాసుకోవడానికి తెచ్చిన కలం మూత తియ్యలేదు. అంతా అయ్యాక ఆయన కొంచెం ముందుకు వంగి, పిల్లవాడిలా అడిగారు, "మరి ఆ పాముకి పేరేటమ్మా?"

"పేరు పెట్టనేదు బాబూ" అంది పెద్దత్త. "నేనూ అదే అడిగినాను."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. తను ముందు వేసిన ప్రశ్న మాట ఇక ఎత్తలేదు, ప్రార్థన చేద్దాం, లేవండి అన్నారు. అందరం లేచాం.